కుడి చెయ్యి లేని కెప్టెన్

పోల్పెరో, కార్న్‌వాల్
1867 ఫిబ్రవరి

చిరంజీవి టామ్సిన్‌కు బాబాయి జాబెజ్ దీవించి రాసేది.

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

నా నవల ఆరో సంచిక నిన్న మధ్యాహ్నం బండిలో వచ్చింది. విప్పగానే బొమ్మ. తుపానులో ఊగుతున్న ‘పెట్రెల్’ ఓడ, దాని మీద తాడు పట్టుకుని నిలబడ్డ నా కెప్టెన్ హాలెట్. ఎంత బాగా చెక్కారో! ఆ అలలు చూస్తే చదివేవాడి చొక్కా తడిసేట్టుంది. కానీ అమ్మడూ, కెప్టెన్ హాలెట్‌కు లేనిది ఏ చెయ్యి? ఎడమ చెయ్యి. మొదటి సంచికలోనే ఫిరంగి గుండుకు పోయింది. ఈ దేశంలో చదువొచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. బొమ్మలో మాత్రం ఎడమ చెయ్యి నిక్షేపంగా తాడు పట్టుకుని ఉంది. కుడివైపు కోటు చెయ్యి ఖాళీగా గాలికి ఎగురుతోంది.

మీ స్నెల్‌గ్రోవ్ గారి శాలలోనే గదా ఈ బొమ్మ అచ్చు వేసే చెక్క దిమ్మ చెక్కింది? చెక్క మీద బొమ్మను తిరగేసి గీయాలనీ, అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుందనీ నాకు చెప్పినదానివి నువ్వే. ఆ తిరగెయ్యడం మరిచిపోయిన మహానుభావుడెవరో కనుక్కుని నాకు రాయి. వాడిని ఆ శాల గడప దాటించేదాకా నాకు అన్నం సహించదు.

ఊరుకోమంటావా? ఊరు ఊరుకుంటేగా! పొద్దున రేవులోకి అడుగు పెట్టానో లేదో, వలలు బాగుచేసుకుంటున్న ముసలి పెంగెల్లీ కేకేశాడు.

“ఏం బాబూ జాబెజ్! మీ కెప్టెన్‌కి తెగిన చెయ్యి మళ్ళీ మొలిసిందంట గదా? ఎండ్రకాయ జాతేంటి ఆయన?”

“ఎండ్రకాయకైనా ఒకటి మొలిస్తే రెండోది ఊడదు గదరా!” అని ఇంకొకడు. రేవంతా నవ్వు. ఓడెక్కితే డోకొచ్చే నాలాంటివాడు సముద్రం కథలు రాయడమే వీళ్ళకు వేళాకోళం. ఇప్పుడు పండగే పండగ.

నవ్వులైతే దులుపుకుంటాను. ప్రచురణకర్త ఉత్తరాన్ని ఎలా దులుపుకోను? పాఠకులు ఎగతాళి చేస్తూ బస్తాడు ఉత్తరాలు రాశారట. అసలే నాలుగో సంచిక నుంచి అమ్మకాలు జారుతున్నాయి. పన్నెండు సంచికల నవలను ఎనిమిదో దానితో చుట్టెయ్యమంటున్నాడు. 

ఇంకో వింత. నా రాతల వైపు ఎన్నడూ తొంగిచూడని మీ అమ్మ ఈ బొమ్మను మాత్రం చేతిలోకి తీసుకుంది. చూసి, “ఇతను ఆయన కాదు” అని, అక్కడ పెట్టేసి పోయింది. కెప్టెన్ హాలెట్‌ను నేను ఎవరిని చూసి రాశానో ఆమెకు నేను చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 

ఆ చెక్కినవాడి పేరు మరవకు.

నీ బాబాయి,
జాబెజ్ ట్రెజెంజా


షూ లేన్, లండన్
ఫిబ్రవరి

బాబాయి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ వారం రోజులుగా పొగమంచు. పగలే దీపాలు పెట్టుకుని, వాటి ముందు వెలుగు ఒక్కచోట పడేలా నీళ్ళు నింపిన గాజు బుడ్డీలు నిలిపి, ఆ వెలుగులో చెక్కుతున్నాం. అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి.

మీరడిగిన పేరు ఇంకా బయటపడలేదు. ఆ బొమ్మకు ఎప్పుడూ గీసే చిత్రకారుడు జ్వరంతో మంచమెక్కాడు. దిమ్మ మీద తానే గీయవలసినవాడు చిన్న కాగితం ముక్క మీద నాలుగు గీతలు గీసి పంపాడు. దాన్ని ఇక్కడివాళ్ళే దిమ్మ మీదికి ఎక్కించి, ఆ సాయంత్రానికే చెక్కి అచ్చుకు పంపాల్సి వచ్చింది. అంత తొందరలో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. గడప దాటించడం దాకా ఎందుకు లెండి.

అమ్మ ఆ బొమ్మ చూసి సరిగ్గా ఏమంది? ఒక్క మాటా పోకుండా రాయండి. ఎంతసేపు చూసింది? కూర్చుని చూసిందా, నిలబడా?

కెప్టెన్ హాలెట్‌ను చివరికి ఏం చేయదలిచారు? ఎనిమిదో సంచికతో ముగించమంటే ఆయన గతి ఏమిటి?

మీ అమ్మాయి,
టామ్సిన్


పోల్పెరో
ఫిబ్రవరి

టామ్సిన్‌కు,

నేను అడిగినదానికి జవాబు ఇవ్వకుండా ఎంత బాగా రాస్తావమ్మా! లండన్ నీళ్ళు ఒంటికి పట్టాయి. సరే, నీ శాలలో నీకు మొహమాటాలుంటాయి. నేనే ప్రచురణకర్త ద్వారా స్నెల్‌గ్రోవ్‌కు రాయించాను. చెక్కినవాడెవడో తేల్చమనీ, తేల్చకపోతే ఆ శాలకు ఇక మా పని ఇవ్వబోమనీ. కుక్క కాటుకు చెప్పుదెబ్బ.

మీ అమ్మ సంగతి. నిలబడే చూసింది. చేతిలో పిండి ఉంది. నేను “కాదంటే ఏంటి వదినా?” అనడిగాను. “ఆయనలాగే ఉన్నాడు. కానీ ఆయన కాదు. ఎవడో వచ్చి ఆయన కోటు తొడుక్కున్నట్టుంది” అంది. కెప్టెన్ ఎవరో ఆమె తనంతట తానే పట్టేసిందన్నమాట. నా పరువు పోయిందనుకున్న నాకు, ఆ మాటతో గుండెలో ఇంకేదో కూడా పోయినట్టయింది.

నువ్వడిగావు గనుక చెబుతున్నాను. కెప్టెన్ చివరి సంచికలో చనిపోతాడు. ఓడ మీద, తన మనుషుల మధ్య, జెండా కప్పి, ప్రార్థన చదివి, సముద్రానికి అప్పగిస్తారు. అన్నయ్య ఓడ దక్షిణ సముద్రాలకు పోయి నాలుగేళ్ళు. చెక్క ముక్క కూడా తేలలేదు. మీ అమ్మ సంతాపానికి నల్ల బట్ట కట్టనంది, చర్చిలో ప్రార్థన చెప్పించనంది. అన్నయ్యకు దక్కని అంత్యక్రియ నా కథలోనైనా చేద్దామని ఈ నవల మొదలెట్టాను. నేను రాసే ప్రతి కెరటమూ వాడు చెబితే విన్నదే గదా. ఆ రుణం ఇంకెలా తీర్చుకోను? ఆ పుటలు ముందే రాసి పెట్టుకున్నాను. ఎనిమిదితో ముగించమన్నా, పన్నెండుతో ముగించమన్నా అవి మారవు.

అందుకే ఆ బొమ్మ నన్నంత కాల్చింది. వాడు బతికుండగా ఒక చెయ్యి ఓడకూ రేవు గోడకూ మధ్య నలిగి పోయింది. చచ్చాక రెండోది కూడా పోగొట్టారు.

నీ బాబాయి


షూ లేన్
ఫిబ్రవరి ఆఖరు

బాబాయి గారికి,

ఆ దిమ్మ మీద గీసింది నేను. చెక్కింది కూడా నేనే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకూడదని పోయిన ఉత్తరంలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఇక కూర్చోలేను. మీరు రాయించిన ఉత్తరం నిన్న వచ్చింది. యజమాని అందరినీ నిలబెట్టి చదివాడు. చదవడం అవగానే నేనే ముందుకు వెళ్ళి చెప్పాను. పక్క బల్ల బర్జెస్ ఊరుకుంటాడా!

“ఆడపిల్లలకి ఉలి ఇచ్చినప్పుడే చెప్పానండి నేను. కుట్టుపని చేసుకోవలసిన చేతులు. కుడేదో ఎడమేదో తెలీకపోతే ఎలాగండీ?”

“నీ దిమ్మల్లో గుర్రాలకి మోకాళ్ళు వెనక్కుంటే నేనేమైనా అన్నానా?” అన్నాను. స్నెల్‌గ్రోవ్ గారు బల్ల మీద చరిచారు.

“చూడమ్మా ట్రెజెంజా. నీ చేతిలో పని ఉంది, కాదనను. కానీ ఈ నవల ఆగిపోతే నా శాలకి నెలనెలా వచ్చే పని పోతుంది. నవల నిలబడితే నువ్వుంటావు. పోతే నువ్వూ పోతావు. అంతే.”

బాబాయి, నాకు వేరే ఏ పనీ రాదు, రావద్దు కూడా. ఉలి తప్ప ఇంకేదీ పట్టుకుని బతకలేను. 

కానీ మీరు తెలుసుకోవలసింది అది కాదు. తిరగెయ్యడం ఎలా మరిచాను? ఆ పని మా శాలలో అందరికన్నా నాకే బాగా వచ్చు. ఆ చిత్రకారుడు పంపిన కాగితంలో కెప్టెన్‌కు మొహం లేదు. ఒక గుండ్రం, ఒక టోపీ, అంతే. మొహం నేను గీయాలి. గీయడం మొదలెట్టగానే నాన్న వచ్చి నిలబడ్డాడు. ఎడమవైపు ఖాళీ చెయ్యి, కుడి కనుబొమ మీద గాటు, నవ్వితే ఒక పక్కకు పోయే మూతి. గుమ్మంలో ఎలా నిలబడేవాడో అలాగే, ఉన్నది ఉన్నట్టు దిమ్మ మీద దించేశాను. నాన్నను తిరగేయాలని నాకు తోచనే లేదు. సరిగ్గా గీశాను గనుకే తప్పు పడింది.

అందుకే అమ్మ ఆయనలాగే ఉన్నాడంది. ఆయన కాదని కూడా అంది. అమ్మ మాట వందసార్లు చదివాను. బాబాయి, ఆమె మీ నవలకు దారి చూపించింది!

అతను కెప్టెన్ కాకపోతే?

ఐదో సంచికలో కెప్టెన్ మంచినీళ్ళ కోసం ఒంటరిగా దీవికి వెళ్ళి కనబడకుండా పోయాడు. ఆరో సంచికలో తెప్ప మీద తిరిగొచ్చాడు. వచ్చింది వేరేవాడు. ఆ దీవిలో ముందే దాక్కున్న ఓడదొంగ, కెప్టెన్ పోలికలున్నవాడు, కెప్టెన్‌ను బంధించి ఆయన కోటు తొడుక్కుని వచ్చాడు. వాడికి రెండు చేతులూ ఉన్నాయి. ఎడమ చెయ్యి కోటు లోపల దాచుకోవాలి. కానీ వేషాన్ని అద్దం ముందు నిలబడి సాధన చేసినవాడు. ప్రశాంతంగా ఉన్నప్పుడు గుర్తు పెట్టుకున్నాడు. తుపాను విరుచుకుపడగానే, అద్దంలో చూసినట్టు, కుడి చెయ్యి దాచేశాడు. నాకు జరిగిన పొరపాటే వాడికీ జరిగింది! అందరి కళ్ళూ తెరచాపల మీదున్నాయి. వంటవాడొక్కడే చూశాడు, భయపడి నోరు మూసుకున్నాడు. ఆ పుటలో ఏ చేత్తో తాడు పట్టుకున్నాడో మీరు ఎక్కడా రాయలేదు. వెతికి వెతికి చూశాను.

అప్పుడు అసలు కెప్టెన్ దీవిలో బతికే ఉన్నాడు. ఆయనను పాతిపెట్టకండి.

ఇంకొక్కటి. ఆ బొమ్మను అద్దానికి ఎదురుగా పట్టుకుని అమ్మకు చూపించండి.

టామ్సిన్


పోల్పెరో
మార్చి

టామ్సిన్‌కు,

నీ పేరు తెలియక నీ మీదికే కత్తి దూశాను. స్నెల్‌గ్రోవ్‌కు ఈ రోజే రాస్తున్నాను, తప్పంతా నా రాతలో ఉందని. అది అబద్ధమైనా సరే.

కానీ నువ్వు చెప్పిన మార్పు చేయలేను. అన్నయ్య మొహాన్ని దొంగకు తగిలించమంటావా? నా చేత్తో? వాడి మొహం పెట్టుకుని ఒకడు ఓడను దోచుకుంటుంటే ఈ ఊరు చదవాలా? చివరి పుటలు రాసి ఉన్నాయి. అవి మర్యాదగా ఉన్నాయి. మర్యాదగా ముగిస్తాను.

అద్దం సంగతి వద్దు. వదినను కదపడం నాకిష్టం లేదు.

జాబెజ్


షూ లేన్
మార్చి

బాబాయి గారికి,

మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కెప్టెన్‌కైతే ఏ చెయ్యి లేదో అని అంత గొడవ చేశారు!

మర్యాద ఎవరికి కావాలి? మీ చివరి పుటల్లో ఏముంది? జెండా ఉంది, ప్రార్థన ఉంది, అందరూ టోపీలు తీశారు. నాన్న ఉన్నాడా? నాన్నకు ప్రార్థనంటేనే నిద్ర వచ్చేది, మీకు తెలియదా? మీరు నాన్నను ఘనంగా సాగనంపి, ఇక మీ పని అయిపోయిందని హాయిగా నిద్రపోదామనుకుంటున్నారు. కోపం వస్తే రానివ్వండి. నాకూ వచ్చింది.

మీ కథలు ఎందుకు చదువుతారు బాబాయి, జనం? మనుషులు మునిగిపోతారని వాళ్ళకు తెలియదా? పోల్పెరోలో ఏ ఇంట్లో తెలియదు? తప్పించుకుని వచ్చినవాడు ఒక్కడైనా ఉంటాడేమోనని చదువుతారు.

నా ఉద్యోగం కోసం అడగడం లేదు. పోతే పోనివ్వండి, కుట్టుపని నేర్చుకుంటాను. అమ్మను అద్దం ముందుకు తీసుకెళ్ళండి. ఆ తర్వాత మీ ఇష్టం.

టామ్సిన్


పోల్పెరో
మార్చి

అమ్మా టామ్సిన్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. మూడోనాడు పొద్దున్నే బొమ్మ పట్టుకుని మీ ఇంటికి వెళ్ళాను.

మీ అమ్మ పొయ్యి దగ్గరుంది. 

“వదినా, ఒక్కసారి ఇలా అద్దం దగ్గరికి రా.”

“చేపలు మాడతాయయ్యా. నీ కథలకి నా చేపల్ని బలిపెట్టను.”

“ఒక్కసారి. నీ కూతురు చెప్పింది.”

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను బొమ్మను అద్దానికి ఎదురుగా పట్టుకున్నాను. నేను మాత్రం అద్దంలోకి చూడలేదు, ఆమె మొహాన్నే చూస్తున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత చెయ్యి చాపి కాగితం రెండో అంచు తాను పట్టుకుంది. అప్పుడు నేనూ చూశాను. 

అమ్మడూ, అన్నయ్యే. కనుబొమ మీద గాటు ఉండవలసిన చోట ఉంది. ఆ వంకర మూతి. నన్ను పడవలో కూర్చోబెట్టి, నేను కక్కుకుంటుంటే నవ్వేవాడే, ఆ నవ్వు.

మీ అమ్మ అంది: “గడ్డం ఇంత పెంచనిచ్చేదాన్ని కాదు.”

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. “ఎవరు గీశారు?” అంది. చెప్పాను. నువ్వు రాసిందంతా చెప్పాను, దొంగ సంగతీ, దీవి సంగతీ. నాకు మనసొప్పడం లేదని కూడా చెప్పాను.

“మనసొప్పకపోవడమేంటి? ఆ రెండోవాడు ఆయన కోటేసుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకుంటావా? వాడిని పట్టించు. ఆయన కోటు ఆయనకిప్పించు. చేపలు మాడిపోయాయి చూడు, నీ మూలాన!”

మాడిన చేపలే ఇద్దరం తిన్నాం. ఇంటికొచ్చి చివరి పుటలన్నీ పొయ్యిలో పెట్టాను. జెండాతో సహా. ఏడో సంచిక కొత్తగా రాసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నా చెయ్యి నా మాట వినకుండా పరుగెత్తింది. వంటవాడు నోరు విప్పే చోట నేనే లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చాను. ప్రచురణకర్తకు ఒక్క వాక్యమే రాశాను: “ఆరో సంచిక బొమ్మలో పొరపాటేమీ లేదు. ఏడోది చదవండి.”

అబద్ధాలు రాయడమే గదా నా వృత్తి.

నీ బాబాయి


షూ లేన్
ఏప్రిల్

బాబాయి! బాబాయి! బాబాయి!

ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు. ఏడో సంచిక వచ్చిన పొద్దున నేను కావాలనే వంతెన దగ్గర పుస్తకాల దుకాణం మీదుగా వెళ్ళాను. జనం తోసుకుంటున్నారు. ఏడోది కొన్నవాడు పక్కవాడి దగ్గర ఆరోది లాక్కుని బొమ్మ చూస్తున్నాడు. ఒక బొగ్గుల బండివాడు బండి నడిదారిలో ఆపేసి పక్కవాడితో వాదులాట.

“నేను ముందే చెప్పలేదూ? బొమ్మ చూడగానే చెప్పాను, వీడు తేడా మనిషని!”

“నువ్వా? తప్పుగా చెక్కారని పొట్ట పట్టుకుని నవ్వింది నువ్వు కాదూ?”

“నవ్వుతూనే అనుమానపడ్డానయ్యా!”

మీకు ఎగతాళి ఉత్తరాలు రాసినవాళ్ళంతా ఇప్పుడు మీ తెలివికి దండాలు పెడుతూ రాస్తున్నారట. ఆరో సంచిక మళ్ళీ అచ్చు వేస్తున్నారు. నా దిమ్మే బాబాయి! తప్పు చెక్కిన దిమ్మే!

శాలలో బర్జెస్ నాకేసి చూడకుండా, “ముందే అనుకుని చేశారన్నమాట, మీ చిన్నాన్నా నువ్వూ. మాకు చెబితే ఏం పోయేది?” అన్నాడు. నేను గొప్ప దర్జాగా ఉలికి పదును పెట్టుకున్నాను. స్నెల్‌గ్రోవ్ గారు మాత్రం నా బల్ల దగ్గర నిలబడి మెల్లగా అడిగారు.

“నిజం చెప్పమ్మా. అనుకుని చేసిందా, పొరపాటా?”

“పొరపాటేనండీ.”

“ఊఁ. బయట ఆ మాటనకు.” ఆగి, “ఆ చిత్రకారుడు ఇంకా లేవలేదు. ఎనిమిదో సంచిక నుంచి దిమ్మ మీద నువ్వే గీయి. ఒకరు గీసింది చెక్కడం కాదు, నీ బొమ్మ. దీవి, దీవి మీద కెప్టెన్. గీయగలవా?” అన్నారు.

గీయగలనా అట! నాన్న దీవి మీద ఏం తింటాడు, ఎక్కడ పడుకుంటాడు, మీరు త్వరగా రాసి పంపండి. ఒంటి చేత్తో గుడిసె ఎలా కట్టాడో కూడా రాయండి. ముడులు పళ్ళతో బిగించేవాడు గదా, అది మరవకండి.

టామ్సిన్


పోల్పెరో
జూన్

అమ్మడూ,

పన్నెండుకు బదులు పదహారు సంచికలు రాయమని ప్రచురణకర్త కాళ్ళబేరానికి వచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పన్నెండే అన్నాను. నాకూ ఒక రోజు వస్తుందని తెలిస్తే ఇంకాస్త మంచి కోటు కుట్టించుకునేవాణ్ణి.

పదో సంచికలో నీ బొమ్మ పెంగెల్లీకి చూపించాను. పళ్ళతో తాడు ముడి బిగిస్తున్న కెప్టెన్‌ను చూసి టోపీ సర్దుకుని, “మీ అన్న పాస్కో ఇలాగే కట్టేవోడు” అన్నాడు. రేవులో ఇప్పుడు నవ్వేవాడు లేడు. నెలనెలా సంచిక రాగానే అందరూ పని ఆపి కూర్చుంటారు, నేను బయటికి చదవాలి. గొంతు పోతోంది.

ఒక్క విషయం నన్ను తినేస్తోంది. మీ అమ్మ రోజూ సాయంత్రం వచ్చి, “ఇవాళ ఎక్కడున్నాడు?” అని అడుగుతుంది. చెబుతాను. తెప్ప కట్టుకుంటున్నాడు, ప్రవాహం కోసం కాచుకున్నాడు అని. వింటుంది, వెళ్ళిపోతుంది. ఆఖరి సంచికలో కెప్టెన్ ఇంటికి రావాలి. కథ అటే పరుగెడుతోంది, ఆపలేను. కానీ ఆ పుట నేను రేవులో చదివేసరికి ఆమె అక్కడే ఉంటుంది. నా కెప్టెన్ మెట్లెక్కి వస్తాడు. ఆమె మనిషి రాడు. పుస్తకం మూశాక ఆమె ఏ ఇంటికి వెళ్ళాలి? కావాలంటే కెప్టెన్‌ను దూరంగా ఏదో రేవులో, క్షేమంగా ఉన్నాడన్న కబురుతో ఆపేస్తాను. నువ్వేమంటావు? ఈసారి నువ్వు చెప్పిందే చేస్తాను.

నీ బాబాయి


షూ లేన్
జూన్

బాబాయి గారికి,

ఇక్కడ నాకూ అదే భయం. పగలు బొమ్మ గీస్తున్నంతసేపూ నాన్న ఉంటాడు. ఉలి కింద పెట్టగానే ఉండడు. ఒక్కోసారి దారిలోనే ఏడుపొస్తుంది.

అయినా రానివ్వండి. కబురు చాలదు. నాలుగేళ్ళుగా అమ్మకు కబురైనా లేదు, కబుర్లతో ఆమెకు పని లేదు. ఇంటి మెట్ల దాకా రానివ్వండి. అమ్మ తెలివిలేనిది కాదు. కథలో వచ్చినవాడు కథలోనే ఉంటాడని మనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. మనం ఆమెను కాపాడాలనుకుని చివరికి మనల్నే కాపాడుకుంటాం.

ఆఖరి బొమ్మ నేను రేపు మొదలెడుతున్నాను. రేవు మెట్ల మీద కెప్టెన్ కాలు పెట్టే బొమ్మ. మీరు రాయకపోయినా గీస్తాను. అప్పుడు మళ్ళీ బొమ్మకు తగ్గట్టు మీరే రాసుకోవాలి!

టామ్సిన్


పోల్పెరో
ఆగస్టు

టామ్సిన్‌కు అమ్మ రాసేది.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదు, నీకు తెలుసు. మీ బాబాయి గొంతు పోయి మంచం మీదున్నాడు. ఈ సంగతి వాడు రాస్తే గోరంతను కొండంత చేస్తాడు. అందుకే నేనే కూర్చున్నాను.

నిన్న రేవులో ఆఖరి సంచిక చదివాడు. పడవలేవీ వేటకు పోలేదు. ముసలీ ముతకా గోడల మీదెక్కారు. ఆ దొంగను పట్టుకున్న చోట పెంగెల్లీ లేచి నిలబడి, “కోటిప్పించండ్రా ముందు! ఆ కోటిప్పించండి!” అని అరిచాడు. నీ బాబాయి చదవడం ఆపి నా వైపు చూశాడు. చదవవయ్యా అన్నాను.

కెప్టెన్ పడవ దిగాడు. మెట్లెక్కాడు. గుమ్మంలో ఆయన భార్య పిండి చేతులతో నిలబడి ఉంది. “గడ్డం ఇంత పెంచావేంటి?” అంది. అక్కడ మీ బాబాయి సంచికను పాదిరిగారి చేతిలో పెట్టేశాడు, ఆఖరి నాలుగు వాక్యాలు ఆయనే చదవాల్సి వచ్చింది. నా మాట నన్నడక్కుండా పుస్తకంలో పెట్టాడు. లేవనీ, చెబుతాను వాడి పని.

నాకేమైపోతుందోనని మీరిద్దరూ ఉత్తరాల్లో మల్లగుల్లాలు పడ్డారట. పిచ్చివాళ్ళు. మీ నాన్న రాడని నాకు రెండేళ్ళ కిందటే తెలుసు. తెలిసినా మనసులో ఆయన ఆ నీళ్ళ దగ్గరే ఆగిపోయాడు, అడుగు ముందుకు పడదు. వస్తే ఎలా వచ్చేవాడో చూడలేకపోయాను. నిన్న చూశాను. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. తర్వాత ఆకలేసింది, తిన్నాను. నిద్ర పట్టింది. ఆదివారం చర్చిలో ప్రార్థన చెప్పించమని పాదిరిగారికి చెప్పాను. పొట్టిగా చెప్పమన్నాను, మీ నాన్నకు పొడుగు ప్రార్థనలు పడవు.

అసలు చెప్పవలసింది ఇది. పాదిరిగారు చదవడం అవగానే జనం లేచారు. టోపీలు ఎగరేశారు. “కెప్టెన్‌కీ జై! హాలెట్‌కీ జై!” అని కొండలు మార్మోగేలా అరుస్తున్నారు. చేతులు మారి మారి ఆ సంచిక నా దగ్గరికొచ్చింది. బొమ్మ కింద మూలన చిన్న అక్షరాలు. టి. ట్రెజెంజా అని. పక్కనున్న పెంగెల్లీ కోడలు అడిగింది, “ఇదెవరత్తా, మీ ఇంటిపేరోళ్ళేనా?”

నేనెన్నడూ నలుగురిలో గొంతెత్తినదాన్ని కాదు. నిన్న ఎత్తాను. వాళ్ళంతా కెప్టెన్ కోసం అరిచారు. నేను నీ కోసం అరిచాను.

మీ అమ్మ,
కెజాయా